గంపలో పుట్టిన సిపాయి

తనకొక పెదనాయన ఉన్నాడన్న సంగతి చౌడమ్మకు ఎనభై ఏళ్ళు దగ్గర పడ్డాక, ఒక సాయంత్రం ఫోన్లో తెలిసింది.

ఫోను చేసింది పుంగనూరు రామమూర్తి. మిలిటరీలో హవల్దారుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు అక్కడి మాజీ సైనికుల సంఘానికి పెద్ద. పాతకాలంలో ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి రెండు పెద్ద యుద్ధాలకూ పోయినవాళ్ళ పేర్లు ఒక నల్లరాతి మీద చెక్కించి పుంగనూరులో నిలబెడుతున్నారు. చౌడమ్మ వాళ్ళది అక్కడికి దగ్గర్లోనే బండమీదపల్లె. ఆమె కొడుకు మురళి మదనపల్లె టమాటా మార్కెట్లో వ్యాపారం పెట్టుకోవడంతో ఇప్పుడు మదనపల్లెలోనే ఉంటోంది. రాయి సంగతి తెలిసి, తన నాయన నారాయణప్ప పేరు పంపించింది ఆమే. కంచర గాడిదల మీద సామాన్లు తోలుకుంటూ బర్మా అడవుల్లో తిరిగిన సిపాయి ఆయన.

కోడలు సుధ ఫోను స్పీకర్లో పెట్టి అత్త ముందర పెట్టింది. చౌడమ్మ చేటలో చెనక్కాయలు వలుస్తోంది.

"మీ ఇంటికి పెద్ద గౌరవమమ్మా," అన్నాడు రామమూర్తి. "మీ నాయన ఒక్కడే అనుకుంటిమి. పాత మిలిటరీ రికార్డుల్లో మీ పెదనాయన పేరు గూడా దొరికింది. మునస్వామి. మొదటి యుద్ధంలో బస్రా దిక్కు పోయి ఆడనే సచ్చిపోయినాడు పాపం. ఒకే ఇంట్లో ఇద్దరన్నదమ్ములు, ఇద్దరూ గాడిదల పల్టన్లోనే. మా రాయిమీద ఇట్లాంటి ఇల్లు ఇంకోటి లేదు."

చౌడమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"నాకు పెదనాయన యాడుండాడప్పా? మా నాయనకు అన్నా లేడు, తమ్ముడూ లేడు."

"ఉండాడమ్మా. ఇద్దరికీ తండ్రి పేరు సిద్ధప్పే. ఊరూ ఒకటే. ఆయన పోయిన రెండేండ్లకు మీ నాయన పుట్టినట్టుండాది. సిన్నప్పుడు మీకెవురూ సెప్పిండరు."

సుధకు సంబరంగానే ఉంది. అత్త ముఖం చూశాక ఆ సంబరం ఆగిపోయింది.

"ఆ మునస్వామి పెండ్లాం పేరేమో అడుగు," అంది చౌడమ్మ చిన్నగా.

సుధ అడిగింది. అవతల రామమూర్తి కాస్త నసిగాడు.

"అదీ... గంగులమ్మ అనే ఉండాది. మీ అమ్మ పేరే. ఆ కాలంలో జరిగింటాదిలేమ్మా. పడుచు పిల్ల, మొగుడు పోయినాడు, ఇంట్లోనే మరిదుండాడు. దాన్ని మేమేం తప్పనుకోం. రాయిమీద ఆడోళ్ళ పేర్లు రాయించడంలేదు, మీరేం బాధపడొద్దు."

ఆ మనిషి మంచితనంతోనే అన్నాడు. అందుకే చౌడమ్మకు కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది. ఆ వైపు పల్లెల్లో అన్న పెండ్లామంటే తల్లి తర్వాత తల్లి. వదిన వడ్డిస్తే తలెత్తకుండా తినే మరుదులు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి చోట, తన తల్లి గంగులమ్మ మొగుడు పోతే మరిదిని కట్టుకుందని పుంగనూరు నడిబొడ్డున రాయి చెప్పబోతోంది. ఆమె పేరు రాయకపోతే మాత్రం ఏం? గంగులమ్మ మునస్వామి పెండ్లామని పల్లెలో కొన్ని ఇళ్ళకు తెలుసు, నారాయణప్ప పెండ్లామని అందరికీ తెలుసు. ఆ రెండు పేర్లూ అన్నదమ్ములుగా రాతికెక్కితే మిగతాది జనమే చదువుకుంటారు. కాదని చెప్పగలిగిన పాతవాళ్ళంతా పోయారు. చౌడమ్మ అన్నలిద్దరూ పోయారు. జరిగిందేమిటో తెలిసినవాళ్ళలో మిగిలింది తానొక్కతే.

"రేపు పొద్దన్నే పుంగనూరు పోవల్ల," అంది సుధతో.

రాత్రి అన్నం దగ్గర మురళి అన్నాడు, "ఫోన్లో సెప్తే సరిపోదా మా? ఎండలో బస్సెక్కి యాల?"

"ఫోన్లో సెప్పేది కాదురా."

"ఏముండాది అంత?"

"మీ తాత పుట్టిన కత," అంది చౌడమ్మ. ఇంకేమీ చెప్పలేదు.

*

పుంగనూరులో రామమూర్తి ఇల్లు వెతుక్కోనవసరం లేకపోయింది. గేటు మీద జెండా రంగులు వేయించుకున్న ఇల్లు ఆ వీధిలో అదొక్కటే. ఆయన భార్య కాఫీ ఇచ్చి పక్కనే కూర్చుంది. చౌడమ్మ కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, చీర కొంగుతో మూతి తుడుచుకుని అప్పుడు మొదలుపెట్టింది.

"మునస్వామీ, నారాయణప్పా ఇద్దరు గాదు నాయనా. ఒకరే. ఆయప్పే మా నాయన."

రామమూర్తి నవ్వలేదు. పెద్దావిడ కదా అని మర్యాదగానే అన్నాడు. "అదెట్లా కుదురుతాదమ్మా? మునస్వామి సచ్చిపోయినాడు గదా. నారాయణప్ప రెండో యుద్ధంలో చేరినప్పుడు ఆయన వయసు ఇరవై ఒకటి. మొదటి యుద్ధం నాటికి ఆయప్ప ఇంకా పుట్టనే లేదు."

"అవును, పుట్టలేదు. ఆ యుద్ధం అయిపోయినాకనే పుట్టినాడు. ఊరంతా సూసింది."

సుధ అత్త చేతిమీద చెయ్యి వేసింది, ఎండకు ఏమన్నా అయిందేమోనని. చౌడమ్మ ఆ చేతిని తోసేసింది.

"నువ్వూ విను. ఈ కత నీకూ సెప్పలేదు. ఆ పాత పేరు మా ఇంట్లో పలకకూడదు. దినాలు చేసి సాగనంపినోన్ని మళ్ళీ పిలిసినట్టయితాదని మా అవ్వ ఒట్టు పెట్టించింది. పేరు లేకుండా కత ఎట్ల సెప్తారు? అందుకని మా అమ్మ ఏడాదికొకసారి, ఆయప్ప పుట్టినరోజు పూట మాత్రం, వాకిలేసుకోని సెప్తాండె."

ఆమె చెప్పింది ఇది.

మునస్వామి గొర్రెలు మేపుకునే పిల్లవాడు. మీసాలు సరిగా రాకముందే గంగులమ్మతో పెళ్ళయింది. ఆమె ఇంకా కాపురానికి రాలేదు. పట్నం నుంచి వచ్చిన దొరలు గొడ్డూగోదా సంగతి తెలిసిన మనుషులు కావాలంటే, పల్లెలో ఇంకో నలుగురితో కలిసి పోయాడు. ఓడెక్కించారు. బస్రా దాటి పైకి పోయాక అక్కడి ముట్టడిలో టర్కీ వాళ్ళకు పట్టుబడ్డాడు. పట్టుబడినవాళ్ళలో తిండిలేక పోయినవాళ్ళు పోగా ఎవరు బతికున్నారో ఎవరికీ తెలియదు. అందరినీ చచ్చిపోయినట్టే రాసుకున్నారు. పల్లెకు మనిషొచ్చి ఆ మాటే చెప్పాడు.

శవం లేదు. దర్భలతో బొమ్మ చేసి కాల్చారు. దినాలు చేశారు. గంగులమ్మ గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. మొగుడి ముఖం సరిగా గుర్తుకూడా లేని పిల్ల, అత్తగారి పక్కన కూర్చుని గొంతు పోయేదాకా ఏడ్చింది. పుట్టింటికి తిరిగి పోకుండా అత్తతోనే ఉండి గొర్రెలు మేపింది.

యుద్ధం అయిపోయింది. తెలుగు లెక్కలో అది సిద్ధార్థి నామ సంవత్సరం. గొర్రెలు దొడ్డికి చేరే వేళకు ఒకడు ఖాకీ నిక్కరు, చిరిగిన బూట్లు వేసుకుని పల్లెలోకి నడిచొచ్చాడు. తల్లి వాకిట్లో చీపురు పట్టుకుని ఉంది. కొడుకును గుర్తుపట్టింది. గుర్తుపట్టగానే చీపురు అడ్డం పెట్టింది.

"లోపలికి రావొద్దురా. నీ దినాలు అయిపోయినాయి."

ఇక్కడ రామమూర్తి భార్య "అయ్యో" అంది.

"అయ్యో ఏముండాదమ్మా. అప్పుడు పద్ధతి అది," అంది చౌడమ్మ. "దినాలు చేసినోడు గడప తొక్కితే ఆ ఇల్లు నిలవదు. దొడ్లోనే పండబెట్టినారు, గొర్రెల్తో. మా అమ్మ సంగటి ముద్ద తీస్కపోయి దడి మీద పెట్టి, అటు తిరుక్కోని నిలబడతాండె. విధవ మొగుని ముఖం సూడొచ్చునా సూడకూడదా ఎవురికీ తెలవక. ఆయప్ప దడి అవతల తింటా, 'ఉప్పు సాల్లేదు' అన్నెంట. అంతే, మా అమ్మకు నవ్వూ ఏడుపూ ఒకటేసారి వచ్చిందంట."

పెద్దలు కూర్చుని తేల్చారు. చచ్చినవాడు చచ్చినట్టే. బతకాలంటే మళ్ళీ పుట్టాలి. అంతకంటే దారి లేదు.

కొత్త వెదురు గంప తెచ్చారు, పొలానికి ఎరువు మోసేంత పెద్దది. అందులో వడ్లు పోసి, మునస్వామిని మోకాళ్ళు గడ్డానికి ముడిచి కూర్చోబెట్టారు. గొంగళి కప్పారు. తల్లి గంపకు ఆనుకుని కూర్చుని నొప్పులు పడినట్టు మూలిగింది. మూలిగీ మూలిగీ నిజంగానే ఏడ్చిందట. మంత్రసాని గొంగళి లాగి, ఒక నూలు దారాన్ని బొడ్డుపేగులా కొడవలితో కోసి, "మగబిడ్డ" అని అరిచింది. బిడ్డ ఏడవాలి కదా. ఏడవమంటే ఆ సిపాయికి సిగ్గు. మేనత్త తొడ మీద గట్టిగా గిచ్చింది. అప్పుడు ఏడ్చాడు. నోట్లో ఆముదం పోశారు. చెవులు కుట్టారు. బాలింత తిండి తల్లికి పెట్టారు, బిడ్డకు చక్కెర నీళ్ళు. బస్రా దిక్కున ఖర్జూరపు గింజలు ఉడకబెట్టుకు తిని బతికొచ్చినవాడు, ఇంట్లో తల్లికి పురుడు తీరేదాకా చక్కెర నీళ్ళతో పడుకున్నాడు. తలుపు సందులోంచి గంగులమ్మ దొంగచాటుగా సంగటి అందించకపోతే ఈసారి నిజంగానే పోయేవాడు.

పేరు పెట్టే రోజు మేనత్త చెవిలో మూడుసార్లు చెప్పింది. నారాయణప్ప. ఆ తర్వాత పుట్టు వెంట్రుకలు తీశారు, మీసంతో సహా. ఆ పైన కొత్త పిల్లవాడికి పిల్లను చూశారు. ఊళ్ళో ఉన్న పిల్లే. గంగులమ్మ మెడలో నారాయణప్ప తాళి కట్టాడు.

"మా అమ్మ జీవితమంతా ఆ మాట వదల్లేదు," అంది చౌడమ్మ. "ఆయప్ప ఏమన్నా గద్దించినాడంటే, 'నాకంటే పదైదేండ్లు సిన్నోడివి, నువ్వా నాకు సెప్పేది' అంటాండె. సంతలో ఎవురన్నా ఎవురీ మనిసంటే, 'ఈన్ని నేను సాకి పెద్దజేసి కట్టుకున్న్యా' అంటాండె. మా నాయన తలకాయ దించుకోని నవ్వుతాండె."

రామమూర్తి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుధ అయితే దాచుకోలేదు, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. రామమూర్తి మాత్రం ఏదో ఆలోచిస్తున్నాడు.

"అయితే ఆ ఇరవై ఒకటి..."

"సిద్ధార్థి నుంచి లెక్కేసుకో. రెండో యుద్ధం వచ్చినప్పుడు గాడిదల్ని తోలే మనుసులు కావాలని మళ్ళీ వచ్చినారు. మా నాయన పోయి నిలబడినాడు. ఎప్పుడు పుట్టినావంటే సిద్ధార్థిలో అన్న్యాడు. తలంతా నెరిసింది. రాసుకునే ఆయన పైకీ కిందికీ సూసి, 'ఇరవై ఒకటికే ఇంత నెరుపా' అన్న్యాడంట. 'కష్టం జేసిన శరీరం సార్' అన్న్యాడంట మా నాయన. ఆడుండే గాడిద నోరు తెరిసి పండ్లు సూసి దాని వయసు సెప్పినాడంట. అంతే, చేర్చుకున్న్యారు."

అప్పుడు నవ్వాడు రామమూర్తి. హవల్దారు నవ్వు, గోడలు అదిరేటట్టు. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, "మరి మొదటి యుద్ధంలో బతికొచ్చినోడు ఆ పేరు దిద్దించుకోలేదా?" అన్నాడు.

"ఆ పేరు ఆయప్పది గాదు గదా నాయనా. ఇంకొకరి పేరు ఈయప్పెట్ల దిద్దించుకుంటాడు?"

రామమూర్తికి నవ్వు పోయింది. కుర్చీలో ముందుకు జరిగాడు. "నాకు నమ్మకం కుదిరింది. కానీ రాయి చెక్కేసినారమ్మా. మొన్ననే. కుప్పంలో ఉండాది. పోతే ఈ పొద్దే పోవల్ల."

*

రామమూర్తి పాత కారులో పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి భోజనాల వేళ దాటింది. దారిలో పెరుగన్నం పొట్లాలు తిన్నారు. చౌడమ్మ సగం తిని మడిచేసింది. నవ్వించేలా చెప్పిందే గానీ, ఆమె లోపల బిగుసుకుపోయి ఉంది. తన తల్లి బతికున్నప్పుడు ఎవరిచేతా ఒక మాట పడని మనిషి. పోయిన ఇన్నేళ్ళకు, జవాబు చెప్పుకోలేని చోటికి పోయాక, ఈ మాట పడటమేమిటి?

రాతి పని చేసే షెడ్డులో అందరూ నెత్తినుంచి పాదాల దాకా తెల్లటి దుమ్ముతో ఉన్నారు. కోత యంత్రం మీద నీళ్ళు కారుతున్నాయి. అక్షరాల పని చూసే అమ్మాయి చాందిని వచ్చి, స్కార్ఫు ముక్కు కిందికి లాక్కుని నమస్కారం పెట్టింది. రామమూర్తి సంగతి చెప్పాడు, కథ లేకుండా, పేరు తీసెయ్యాలని మాత్రం.

"ఒక పేరు తీసేది కుదరదు సార్. గుంత పడతాది. పై ముఖమంతా అరగదీసి, అన్ని పేర్లూ మళ్ళీ చెక్కాల. చేస్తాం. కాకపోతే మీరు పెట్టుకున్న రోజుకు అందదు."

"అందకపోతే రోజు మార్సుకుంటాం," అన్నాడు రామమూర్తి వెంటనే. "ఈయమ్మ మాటే నాకు మాట."

రాయి గోడకు ఆనించి ఉంది, మనిషెత్తు కంటే ఎక్కువ. చౌడమ్మకు చదువు రాదు. "ఏదమ్మా ఆ పేరు?" అంది. చాందిని ఆమె వేలు పట్టుకుని మునస్వామి పేరు మీద పెట్టింది. పక్కన చిన్న నక్షత్రం గుర్తు. చనిపోయినవాళ్ళకు అది పెట్టారు.

చౌడమ్మ వేలు ఆ గాడిలో అటూ ఇటూ తిరిగింది. రాయి చల్లగా ఉంది. తనకు తెలిసిన నాయన నెరిసిన తలతో, ముడతలు పడ్డ మెడతో ఉన్న నారాయణప్ప. తాను పుట్టేసరికే ముసలివాడు. ఈ మునస్వామిని తాను ఎన్నడూ చూడలేదు. ఎవరూ ఆ పేరుతో పిలవగా వినలేదు. మీసాలు రాని పిల్లవాడు, గొర్రెలు తప్ప ఏమీ తెలియనివాడు, సముద్రం దాటి పోయాడు. అతని కోసం అమ్మ గొంతు పోయేదాకా ఏడ్చింది. చావు అబద్ధమైంది గానీ ఆ ఏడుపు అబద్ధం కాదు. పగిలిన గాజులు అబద్ధం కాదు. అమ్మ ఆ పిల్లవాణ్ణి పోగొట్టుకుంది. ఇప్పుడు యంత్రం పెట్టి అరగదీయిస్తే, ఆ పిల్లవాడు పోలేదు సరికదా, అసలు లేనేలేనట్టవుతుంది.

"సెప్పండమ్మా," అన్నాడు రామమూర్తి. "తీసేమంటారా?"

"వద్దు."

సుధ దగ్గరికొచ్చింది. "మరి అన్నదమ్ములనుకుంటారు గదా అత్తా? గంగులమ్మవ్వకు మాట రాదా?"

"అనుకోకుండా రాస్తే సరి. పాపా, ఈ పేరు కిందా ఆ నారాయణప్ప పేరు కిందా చోటుండాదా?"

"ఒక్కో వరస పడతాది అవ్వా."

"ఇద్దరూ ఒకరే అని రాయి. రెండు చోట్లా రాయి. మా అమ్మ పేరు గూడా రాయి. ఇద్దరికీ పెండ్లాం గంగులమ్మ అని."

రామమూర్తి దగ్గాడు. "ఇద్దరికీ పెండ్లామంటే ఇంకా గోలయితాదమ్మా."

"ఒకరే అని ముందే రాస్తిమి గదా."

"జనం ముందుది సదవరు, వెనకదే సదువుతారు."

"అయితే నువ్వే సెప్పు, ఎట్ల రాస్తారో."

ఆయన రాయి ముందు నిలబడి, చేతులు వెనక కట్టుకుని ఆలోచించాడు. "రెండుసార్లు పెండ్లాడినాడని రాయిద్దామా? ఎవురి పెండ్లామో, ఎవురు కట్టుకున్న్యారో తేలిపోతాది."

చాందిని సుద్దముక్క తీసుకుని, మునస్వామి పేరు కింద, మళ్ళీ నారాయణప్ప పేరు కింద, మెల్లగా రాసింది. సుధ పైకి చదివింది.

"ఈ ఇద్దరూ ఒకరే. గంగులమ్మను రెండుసార్లు పెండ్లాడినాడు."

చౌడమ్మ ఇంకోసారి చదవమంది. చదివించుకుని, "మా అమ్మ పేరు పక్కన ఆ నచ్చత్రం లాంటిదేమీ పెట్టొద్దు," అంది. "మరి ఆయప్పకుండే నచ్చత్రం?" అన్నాడు రామమూర్తి. "చనిపోయినాడని అర్థం గదా."

"ఉండనీ. దినాలు చేసినాం గదా."

చాందిని కొలతలు రాసుకుంటూ తలెత్తింది. "తప్పనుకోవద్దు సార్. ఇద్దరూ ఒకరెట్లయినారు? ఒకే ఆడమనిషిని రెండుసార్లు పెళ్ళి చేసుకునేదేంది?"

కోత యంత్రం దగ్గర మనిషి కూడా నీళ్ళు కట్టేసి ఇటు చూశాడు. చౌడమ్మ నోరు తెరవబోయింది. అంతలో రామమూర్తి అందుకున్నాడు.

"పుంగనూరులో నన్ను గూడా ఇదే అడుగుతారు. కాబట్టి ఇప్పుడే నేర్సుకోవల్ల. వినుమ్మా. మునస్వామి అని ఒక పిల్లోడు. బస్రాలో సచ్చిపోయినాడని కబురొచ్చె. దినాలు చేస్తిరి. యుద్ధమయినాక వాడే నడిసొచ్చె. వాళ్ళమ్మ ఏం జేసింది, ఏడ్చుకుంటా పరిగెత్తుకుంటా పోయి కొడుకును కాగలించుకునింది..."

"లేదు సార్," అంది సుధ. "చీపురు అడ్డం పెట్టింది. దొడ్లో పండబెట్టినారు."

"అవునవును, చీపురు. దొడ్లో పండబెట్టినారు. అప్పుడు గంగులమ్మ అన్నం తీస్కపోయి..."

"సంగటి సార్. దడి మీద పెట్టింది, అటు తిరిగి. ఉండండి, నేను సెప్తాను."

సుధ చెప్పడం మొదలుపెట్టింది. గంప పెద్దదని చేతులతో చూపించింది. గిచ్చిన మేనత్త గురించి చెప్పేటప్పుడు తానే గిచ్చినట్టు మొహం పెట్టింది. చాందిని సుద్దముక్క పట్టుకునే నవ్వుతోంది. ఎవరో చౌడమ్మకు ప్లాస్టిక్ కుర్చీ, గ్లాసులో టీ తెచ్చిచ్చారు. ఆమె కూర్చుంది. ఒకచోట సుధ ఆముదం ముందో చెవులు కుట్టడం ముందో తేల్చుకోలేక అత్త వైపు చూసింది. చౌడమ్మకు తెలుసు. అయినా టీ ఊదుకుంటూ, కానీయ్ అన్నట్టు చెయ్యి ఊపింది.